బాయిల్డ్ మిల్లుల దుర్వాసనపై కాలుష్య నియంత్రణ మండలికి, మిల్లు యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి, ఉత్తర తెలంగాణ జిల్లాల ఉప్పుడు బియ్యం మిల్లుల యజమానులకు నమస్కారములు.

వడ్లు నానబెట్టిన నీటి నుంచి, ఆ నీటిని నిల్వ చేసే ట్యాంకుల నుంచి వెలువడే దుర్వాసన వాయువులను విద్యుత్ రసాయన పద్ధతిలో శుద్ధి చేసే ప్రయోగాన్ని ఈ ప్రాంతంలో ఒక్క చోటైనా, ఒక్క ఏడాదైనా సక్రమంగా నడిపి, ఫలితాలను ప్రజల ముందు పెట్టవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో ఏ మిల్లుపైనా ఫిర్యాదు లేదు. సుల్తానాబాద్, పెద్దపల్లి, కరీంనగర్, జమ్మికుంట పరిసరాల్లో ఈ పరిశ్రమ లేకపోతే యాసంగి వడ్లను ఏం చేయాలో రైతుకు తోచదని నాకు తెలుసు. ఎండలు ముదిరాక కోతకొచ్చే ఆ గింజను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ గట్టిపడి నిలుస్తుంది. కాబట్టి మిల్లు ఉండాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అక్కడి గాలి ఊరి మీదికి ఏ స్థితిలో రావాలన్నదే ప్రశ్న.

ముందుగా ఆ వాసన ఎక్కడ పుడుతుందో చెప్పుకోవాలి. చన్నీటిలో రెండు మూడు రోజులు నానబెట్టే పాత పద్ధతిలో గింజ నుంచి దిగిన చక్కెరలు, మాంసకృత్తులు నీటిలోనే పులుస్తాయి. 70 డిగ్రీల వేడి నీటిలో మూడు నాలుగు గంటలు నానబెట్టే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే రూపొందించింది. దానితో నానే దశలో పులియడం చాలావరకు తగ్గింది. అయితే వాడిన నీటిని బయట కుంటలోనో, ట్యాంకులోనో కదలకుండా నిలవ ఉంచితే, నీటి లోపలికి గాలి అందక పులియడం అక్కడ మొదలవుతుంది. బ్యుటైరిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాలు, అమోనియా, అన్నింటికన్నా ముఖ్యంగా కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడే తయారవుతాయి. బోరు నీటిలో సల్ఫేట్ ఉన్నచోట సూక్ష్మజీవులు దాన్ని కూడా సల్ఫైడ్‌గా మారుస్తాయి. అందుచేత ఏ యంత్రం కొనకముందే మిల్లరు చేయగల పని ఒకటుంది: నానబెట్టిన నీటిని ఆ రోజుకారోజు శుద్ధికి పంపడం, ట్యాంకులకు మూత వేయడం. మూత లేని ట్యాంకుకు ఏ శుద్ధి యంత్రమూ పనికిరాదు, ఎందుకంటే పోగుచేయని గాలిని శుద్ధి చేయడం ఎవరివల్లా కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2009లో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. వాటిలో అమోనియాకు ఘనపు మీటరుకు 24 గంటల సగటున 400 మైక్రోగ్రాముల పరిమితి ఉంది కాని హైడ్రోజన్ సల్ఫైడ్ ఊసే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం వాసన బాధ లేకుండా ఉండాలంటే అరగంట సగటున 7 మైక్రోగ్రాములు మించరాదని సూచించింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన నియంత్రణపై మార్గదర్శకాలు వెలువరించింది. అవి మార్గదర్శకాలే తప్ప ప్రమాణాలు కావు. ఈ ఖాళీని పూరించగల అధికారం 1981 నాటి వాయు చట్టం 21వ సెక్షన్ కింద, పరిశ్రమకు అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెట్టే రూపంలో, మీ మండలి చేతిలోనే ఉంది.

ఇప్పుడు వాడుకలో ఉన్న ఉపాయాలను చూస్తే నాకు కొంత అసహనం కలుగుతుంది. ట్యాంకుల చుట్టూ పైపులు వేసి సువాసన ద్రావణం చల్లడం వాటిలో ఒకటి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు ఒక్కటి కూడా దానివల్ల తగ్గదు. పైగా ప్రమాదాన్ని పసిగట్టే ముక్కును అది తప్పుదారి పట్టిస్తుంది. గొట్టం ఎత్తు పెంచడం మరొకటి. చలికాలపు రాత్రుల్లో నేలను ఆనుకొని చల్లని గాలి పొర స్తంభించి, పైన వెచ్చని పొర కమ్ముకొని ఉన్నప్పుడు మామూలు గొట్టం నుంచి వచ్చిన వాసన పైకి పోక ఊరి మీదే పరుచుకుంటుంది. మూడోది, డ్రమ్ముల్లో కొన్న బ్లీచింగ్ ద్రావణంతో, అంటే సోడియం హైపోక్లోరైట్‌తో గాలిని కడగడం. రసాయనికంగా ఇది సరైన పద్ధతే. కాని ఆ ద్రావణం నిల్వకు నిలిచేది కాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే అది విచ్ఛిన్నమయ్యే వేగం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం ఎండలో రేకుల షెడ్డు కింద నిలవ ఉన్న డ్రమ్ములో ఎంత బలం మిగిలి ఉందో కొలవకుండా చెప్పలేం. ఆ నెలల్లోనే యాసంగి వడ్లు మిల్లులకు వస్తాయి.

విద్యుత్ రసాయన పద్ధతి ఈ మూడో ఉపాయానికే మెరుగైన రూపం. ఆ ద్రావణాన్ని కొని నిలవ చేయడానికి బదులు, అవసరమైన క్షణంలో, అవసరమైనంత మేరకు, అక్కడికక్కడే తయారుచేసుకోవడం ఇందులోని మూలసూత్రం. వాయువు విద్యుత్తును ప్రసరింపజేయదు. కాలుష్య వాయువు గాలిలో ఉండే మోతాదు కూడా చాలా స్వల్పం. కాబట్టి గాలిని నేరుగా విద్యుద్విశ్లేషణ చేయలేం. మొదట దాన్ని ద్రవంలోకి దింపాలి. ప్లాస్టిక్ రింగులు నింపిన ఒక స్తంభంలో పైనుంచి ద్రావణం జారుతూ ఉండగా కింది నుంచి గాలి ఎక్కుతుంది. దీన్ని పరిశ్రమల్లో స్క్రబ్బర్ అంటారు. ఆ ద్రావణంలో ఉప్పు ఉంటుంది. స్తంభం అడుగున చేరిన ద్రావణాన్ని రెండు విద్యుత్ ధ్రువాలున్న ఒక సెల్‌లోకి పంపి కరెంటు ప్రసరింపజేస్తే ఆనోడ్ (ధన ధ్రువం) దగ్గర క్లోరిన్, కాథోడ్ (రుణ ధ్రువం) దగ్గర హైడ్రోజన్, క్షారం పుడతాయి. క్లోరిన్, క్షారం కలిసి హైపోక్లోరైట్ అవుతుంది. అది సల్ఫైడ్‌ను సల్ఫేట్‌గా మార్చి, తాను మళ్ళీ క్లోరైడ్‌గా మారి, తిరిగి సెల్‌లోకి వస్తుంది. ఉప్పు ఖర్చు కాదు. ఇక్కడ ఉప్పు మధ్యవర్తి మాత్రమే.

ఈ మధ్యవర్తిని మార్చడంలోనే ఈ శాస్త్రపు వైవిధ్యమంతా ఉంది. సల్ఫర్ డయాక్సైడ్ కోసం ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న ఐరోపా సంయుక్త పరిశోధన కేంద్రం బ్రోమిన్‌ను ఎంచుకుంది: బ్రోమిన్ ఆ వాయువును సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, మిగిలిన హైడ్రోజన్ బ్రోమైడ్‌ను విద్యుద్విశ్లేషణ చేస్తే బ్రోమిన్ తిరిగి వస్తుంది, హైడ్రోజన్ అదనంగా దొరుకుతుంది. సార్డీనియా ద్వీపంలోని ఒక చమురు శుద్ధి కర్మాగారంలో దీన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. అయినా విద్యుత్ కేంద్రాల్లో సున్నపురాయి పద్ధతిని అది తొలగించలేకపోయింది. పొగ పరిమాణం అంత పెద్దదైనప్పుడు చవకైన రాయి ముందు కరెంటు నిలవలేదు. వెండి, సీరియం, కోబాల్ట్ అయాన్లు మరింత బలమైన మధ్యవర్తులు. మొండి సేంద్రియ పదార్థాలను సైతం కార్బన్ డయాక్సైడ్ దాకా విరగ్గొట్టగలవు. కాని అవి గాఢ ఆమ్లంలో పనిచేస్తాయి, ఖరీదు కూడా ఎక్కువ. వాటికి మిల్లులో చోటు లేదు.

ఇనుము మాత్రం ఆలోచించదగింది. ఫెర్రిక్ అయాన్, అంటే మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫేట్ దాకా తీసుకుపోకుండా గంధకం దగ్గరే ఆపుతుంది. ఫెర్రస్‌గా మారిన ఇనుమును ఆనోడ్ మళ్ళీ ఫెర్రిక్‌గా చేస్తుంది. పారిన విద్యుత్తుకు తగినంతే రసాయన మార్పు జరుగుతుందని శాస్త్రవేత్త ఫారడే 1830లలో చెప్పిన నియమం ప్రకారం లెక్క వేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అణువు ఒక్కంటికి గంధకం దాకా అయితే రెండు ఎలక్ట్రాన్లు, సల్ఫేట్ దాకా అయితే ఎనిమిది కావాలి. కిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మొదటి దారిలో దాదాపు 1,570 యాంపియర్-అవర్లు (ఒక యాంపియర్ ప్రవాహం గంటసేపు పారితే ఒక యాంపియర్-అవర్), రెండో దారిలో 6,290 యాంపియర్-అవర్లు. కరెంటు ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుందని సంబరపడే ముందు, ఇనుమును గాలి ఊదడంతోనే తిరిగి ఆక్సీకరించే పద్ధతి కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉందని గుర్తించాలి. బయోగ్యాస్‌లాగా సల్ఫైడ్ మోతాదు దండిగా ఉండే చోట ఆ పద్ధతి చాలు. ట్యాంకు మూత కింది నుంచి లాగిన పలుచని గాలికి, అందులోనూ రకరకాల వాసనలు కలిసిన గాలికి, ఉప్పునీటి దారే మేలని నా అభిప్రాయం.

మిల్లరు అడిగే మొదటి ప్రశ్న ఖర్చు గురించే కాబట్టి ఒక ఊహా లెక్క వేసి చూపుతాను. మూత వేసిన ట్యాంకుల నుంచి గంటకు 5,000 ఘనపు మీటర్ల గాలి లాగుతున్నామని, అందులో ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందని అనుకుందాం. అంటే గంటకు 100 గ్రాములు, రోజుకు 2.4 కిలోలు. సెల్ నాలుగు వోల్టుల దగ్గర, 60 శాతం సామర్థ్యంతో నడిస్తే కిలోకు సుమారు 42 యూనిట్లు, రోజుకు 100 యూనిట్లు అవుతాయి. ఇరవై సెల్‌లను వరుసగా కలిపితే ప్రవాహం 50 యాంపియర్ల పైచిలుకు ఉంటుంది; మన ఎలక్ట్రీషియన్లు రోజూ చూసే పరిమాణమే ఇది. అదే గాలిని 150 మిల్లీమీటర్ల నీటిమట్టం పీడనంతో స్తంభం గుండా నెట్టడానికి ఫ్యానుకు రోజుకు 80 యూనిట్లకు పైగా పడుతుంది. అంటే రసాయన క్రియకు పట్టే కరెంటు, గాలిని కదిలించడానికి పట్టే కరెంటు ఇంచుమించు ఒక స్థాయివే. గాలి పరిమాణాన్ని తగ్గించే మంచి మూత ఒక్కటే ఫ్యాను, స్తంభం రెండింటి ఖర్చునూ ఆదా చేయగలదు: ఫ్యాను చిన్నదవుతుంది, స్తంభం సన్నబడుతుంది.

కరెంటు తప్ప మరేమీ అక్కర్లేదని ఈ యంత్రాలు అమ్మేవాళ్ళు చెబితే నమ్మకండి. సల్ఫైడ్ చివరకు సల్ఫ్యూరిక్ ఆమ్లమే అవుతుంది. దాన్ని తటస్థం చేయడానికి కిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు దాదాపు 2.35 కిలోల కాస్టిక్ సోడా కావాలి. దీనికన్నా చిక్కైన విషయం మరొకటుంది. మామూలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా క్షారంలో కరుగుతుంది. పై లెక్కలోని గాలిలో గంటకు 3.7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ పోతూ ఉంటుంది; అంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఇంచుమించు నలభై రెట్లు. ద్రావణపు క్షారత్వాన్ని పీహెచ్ కొలమానంలో (7 తటస్థం, ఆపైన క్షారం) 11, 12 దాకా పెంచితే వాసన బాగా పోతుందనిపించవచ్చు కాని కాస్టిక్ అంతా ఆ కార్బన్ డయాక్సైడే తినేస్తుంది. పీహెచ్ 9 దగ్గర నిలపడం తెలివైన పని. అది మనిషి చేత్తో చేసే పని కాదు. మీటరు, దాని అదుపులో నడిచే చిన్న పంపు ఉండాలి.

అమోనియా స్వభావం దీనికి విరుద్ధం. అది ఆమ్లంలో సులువుగా కరుగుతుంది, క్షారంలో నిలవదు. అమోనియా గణనీయంగా ఉన్న చోట ముందు పలుచని ఆమ్లంతో ఒక స్తంభం, ఆ తర్వాత క్షారపు స్తంభం ఉండాలి. ఒకే స్తంభంలో రెండూ కానిచ్చే ప్రయత్నం చేస్తే అమోనియా హైపోక్లోరైట్‌తో కలిసి క్లోరమీన్లు తయారవుతాయి. వాటి ఘాటు వాసన ఊరివాళ్ళకు కొత్త ఫిర్యాదు అవుతుంది. బ్యుటైరిక్ ఆమ్లం సంగతి ఇంకొకటి. క్షారం దాన్ని చక్కగా పట్టుకుంటుంది గాని హైపోక్లోరైట్ దాన్ని పెద్దగా ఆక్సీకరించలేదు. కాబట్టి అది నాశనం కాదు, గాలి నుంచి నీటిలోకి మారుతుంది. అప్పుడప్పుడు వదిలే ఆ నీటిని మిల్లు శుద్ధి కేంద్రానికే పంపాలి, వాగులోకి కాదు. అందులో క్లోరిన్ సమ్మేళనాలు ఎంత ఉన్నాయో కూడా ప్రయోగ కాలంలో కొలవాలి.

భద్రత విషయంలో రాజీ పనికిరాదు. కిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫేట్‌గా మార్చేటప్పుడు కాథోడ్ దగ్గర కనీసం 2.9 ఘనపు మీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో అది 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. సెల్ మీద నుంచి ఆ వాయువును పలుచన చేసి బయటకు పంపే ఏర్పాటు, ఫ్యాను ఆగితే సెల్ కూడా ఆగిపోయే కట్టుదిట్టం తప్పనిసరి. హైడ్రోజన్ సల్ఫైడ్ అంతకన్నా ప్రమాదకరం. 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దగ్గర ముక్కు దాని వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. మూత వేసిన ట్యాంకులోకి కూలీని దింపే ముందు వాయువు కొలిచే పరికరం లేకపోతే, ఊరికి మేలు చేయబోయి ఆ కూలీ ప్రాణం మీదికి తెచ్చినట్లవుతుంది. ఈ వాయువుతో పని చేయడం మన రాష్ట్రానికి కొత్త కాదు. మణుగూరు భారజల కర్మాగారం 1991 నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్, నీటి మధ్య జరిగే వినిమయం ఆధారంగానే నడుస్తోంది. అక్కడ పనిచేసి విరమించిన ఇంజనీర్లను భద్రతా నిబంధనలు రాయడానికి మండలి ఆహ్వానించవచ్చు.

మా ప్రాంతపు బోరు నీళ్ళ కాఠిన్యం కూడా లెక్కలోకి రావాలి. కాథోడ్ మీద సున్నం పేరుకుపోతుంది. ధ్రువాలను అప్పుడప్పుడు తారుమారు చేస్తే అది రాలిపోతుంది గాని టైటానియం ఆనోడ్ మీది రుథేనియం ఆక్సైడ్ పూత ఆయుష్షు తగ్గుతుంది. మెత్తబరచిన నీటితో ద్రావణం కలుపుకోవడం, పలుచని ఆమ్లంతో కడగడం మేలు. ఇటువంటి ఆనోడ్‌ల మీద కరైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు క్లోరిన్ పరిశ్రమ కోసం పనిచేసిన కాలం నుంచి అనుభవం ఉంది. విదేశాల వైపు చూడనవసరం లేదు.

ఇంతకన్నా చవకైన మార్గాలు లేవా అని అడిగేవారికి ఉన్నాయనే చెబుతాను. ఊకతో నడిచే బాయిలర్ మండుతున్నంత సేపు ట్యాంకుల గాలిని ఆ పొయ్యిలోకే పంపవచ్చు. వాసన కాలిపోతుంది, కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. కాని బాయిలర్ ఆగినంత మాత్రాన ట్యాంకు పులియడం ఆగదు. కంపోస్టు, కొబ్బరి పీచు నింపి, వాటిలోని సూక్ష్మజీవులకు వాసన వాయువులను మేతగా ఇచ్చే బయోఫిల్టర్‌కు కరెంటు తక్కువే చాలు, ఏడాది పొడవునా ఒకే తీరున వచ్చే గాలికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. మిల్లు అలా నడవదు. వానాకాలం వడ్లు, యాసంగి వడ్లు వచ్చిన రోజుల్లో రేయింబవళ్ళు నడుస్తుంది, మధ్యలో వారాల తరబడి మూతపడుతుంది. మేత లేని సూక్ష్మజీవులు ఎండకు ఎండిపోతాయి, మళ్ళీ పుంజుకోవడానికి రోజులు పడుతుంది. సీజన్ మొదటి రోజుల్లోనే వాసన అదుపు తప్పుతుంది. విద్యుత్ రసాయన సెల్‌కు ఆ ఇబ్బంది లేదు. స్విచ్ వేసిన కొద్దిసేపటికే అది పనిలోకి దిగుతుంది, వాయువు పెరిగితే కరెంటు పెంచవచ్చు, తగ్గితే తగ్గించవచ్చు. ఈ పద్ధతిని నేను మీ ముందుకు తేవడానికి ప్రధాన కారణం ఇదే.

మండలికి ప్రత్యేకంగా ఉపయోగపడే రెండో కారణం ఒకటుంది. ప్రవహించిన విద్యుత్తుకు, తయారైన హైపోక్లోరైట్‌కు మధ్య సంబంధం ఫారడే నియమం వల్ల స్థిరమైనది. సెల్‌కు సీలు వేసిన ఒక యాంపియర్-అవర్ మీటరు బిగిస్తే, గడచిన నెలలో ఏ రోజు ఏ గంటకు ఎంత శుద్ధి ద్రావణం తయారైందో, ఏ రాత్రి యంత్రం ఆగిందో అందులో నమోదవుతుంది. డ్రమ్ముల బిల్లులు చూసి ఈ సంగతి తేల్చలేం. మీ అధికారి పగటిపూట తనిఖీకి వచ్చినప్పుడు నడిచే స్క్రబ్బర్ అర్ధరాత్రి కూడా నడిచిందా అన్న అనుమానానికి ఆ మీటరు జవాబిస్తుంది. నిజాయితీగా నడిపే మిల్లరుకు అదే రక్షణ. ద్రావణం తయారైనంత మాత్రాన గాలి శుభ్రపడినట్లు కాదు గనుక గొట్టం చివర హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్ కూడా ఉండాలి.

ఈ పద్ధతి అన్నింటికీ మందు కాదని కూడా చెప్పాలి. మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డు వంటి బహిరంగ స్థలానికి ఇది పనికిరాదు. అక్కడ చెత్తను వేరుచేయడం, తవ్వి శుద్ధి చేయడమే దారి. మురుగునీటి పంపింగ్ బావుల వంటి మూసిన చోట్ల, గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో రంగుల అద్దకపు నీటిని శుద్ధి చేసే ట్యాంకుల దగ్గర మాత్రం ఇదే ఏర్పాటు చిన్న మార్పులతో సరిపోవచ్చు. కాని మొదటి ప్రయోగం మిల్లులోనే జరగాలి, ఎందుకంటే అక్కడి వాసనల కలగాపులగాన్ని తట్టుకున్న యంత్రం మరో చోట తేలికగా నెగ్గుకొస్తుంది.

కాబట్టి నా విన్నపం ఇది. మండలి, మిల్లర్ల సంఘాలు కలిసి స్వచ్ఛందంగా ముందుకు వచ్చే ఒక మిల్లును ఎంపిక చేయాలి. ప్రయోగ పరికరానికయ్యే వ్యయంలో కొంత భాగమైనా మండలి భరించాలి. తొలి అడుగు వేసే మిల్లరు నెత్తిన నష్టభారమంతా మోపితే రెండో మిల్లరు రాడు. కొలతల బాధ్యతను 1959 నుంచి ఇక్కడే ఉన్న వరంగల్ ఎన్‌ఐటీలోని రసాయన ఇంజనీరింగ్ విభాగానికి అప్పగించాలి. యంత్రం అమ్మిన సంస్థ చేతనే కొలతలు తీయించరాదు. ఒక యాసంగి, ఒక వానాకాలం సీజన్ పూర్తిగా నడపాలి. మధ్యలో మిల్లు మూతపడి తెరుచుకున్న రోజుల కొలతలు మరీ ముఖ్యం. వాయువుల మోతాదులతో పాటు మనుషుల ముక్కుతో కొలిచే పద్ధతిని కూడా పాటించాలి. మిల్లు పక్క వాడలోని వారిలో కొందరికి శిక్షణ ఇచ్చి ఆ బృందంలో చేర్చుకోవాలి, వారిలో ఆడవారు తప్పక ఉండాలి, ఎందుకంటే పగలంతా ఆ గాలిలో ఇంటిపట్టున ఉండేది ఎక్కువగా వారే. కరెంటు, కాస్టిక్, ఆనోడ్ మరమ్మతుల ఖర్చు క్వింటాలు బియ్యానికి ఎంత పడిందో తెలుగులో ప్రకటించాలి. ఫలితం ప్రతికూలంగా వచ్చినా ప్రకటించాలి.

ఇక సువాసన ద్రావణాలు చల్లే ఏర్పాటును దుర్వాసన నియంత్రణగా పరిగణించబోమని, ట్యాంకులకు మూతలు, గాలిని లాగే ఏర్పాటు లేనిదే అనుమతి పునరుద్ధరించబోమని మండలి వచ్చే యాసంగి వడ్ల కొనుగోలు మొదలయ్యే లోపే ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దీనికి ప్రయోగ ఫలితాల కోసం ఎదురుచూడనవసరం లేదు. మూతలు వేసి, గాలి ఎంత వస్తోందో, అందులో ఏ వాయువు ఎంత ఉందో మిల్లర్లు ముందుగానే కొలిపించి పెట్టుకుంటే, ఏ యంత్రం ఎంత పరిమాణంలో కావాలో అప్పుడు లెక్క తేలుతుంది.

ఇట్లు,
విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ